కాకిలెక్క

మినియాపొలిస్ వెళ్ళి విమానం ఎక్కితే
మెక్సికోకి ఇద్దరికీ కలిపి
ఆరువందల నలభై డాలర్లు మిగులు.
ఇక్కడే, విన్నిపెగ్‌లోనే ఎక్కితే
ఆ డబ్బు మంచులో పోసుకున్నట్టే.
ఈ మాట అన్నది నేనే.
కరెంటు బిల్లొచ్చిన కవరు చించి, తిరగేసి
నిలువుగా గీత కూడా గీశాను.
ఇటు మనం, అటు వాళ్ళు.

ఒరెస్ట్ కళ్ళజోడు తీసి తుడిచాడు.
"పెట్రోలు రాశావా?"
రాశాను. నూట అరవై.
"పన్నెండు రోజుల పార్కింగు?"
నూట యాభై.
"వాళ్ళ ఊళ్ళో మన డాలరు సంగతి తెలుసుగా?"
తెలుసు. పెళ్ళింట్లో పేదచుట్టంలా
ఓ మూల నిలబడుతుంది.
అది కలిపే రాశాను.
"దారిలో రాత్రికి మోటెల్. ఫార్గో దగ్గర తుఫాను పడితే
రెండు రాత్రులు."
"పడని తుఫానుకి కూడా అద్దె కట్టాలా?"
ఒక రాత్రికే ఒప్పుకున్నాను. నూట ఇరవై.

అయినా రెండువందల పది తేలింది.
రొట్టెల కొట్లో ఇరవై ఆరేళ్ళు
గల్లాపెట్టె ముందు కూర్చున్నదాన్ని,
చిల్లర ఎక్కడ జారుతుందో నాకు చెప్పాలా?

అతను లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాడు.
"టైర్లు అరిగిపోయాయి" అన్నాడు.
మొన్న అక్టోబరులో
తన చేత్తోనే బిగించిన కొత్త టైర్లు.

అప్పుడు ఆపాను పెన్ను.

గరాజ్‌లో మేకుల డబ్బా అడుగున
నాలుగు మడతల కాగితం ఒకటుంది.
నది మా వీధిలోకొచ్చిన ఏడాది
సామాను పైకి చేరవేస్తుంటే నా చేతికొచ్చింది.
ఫిబ్రవరి, ఎనభై ఒకటి. పెంబినా చెక్‌పోస్టు.
వయసు ఇరవై రెండు.
కోటు జేబులో చిటికెడు గంజాయి.
వెనక్కి పంపడమైనది.
తడిసింది. పొయ్యి దగ్గర ఆరబెట్టి
మళ్ళీ మేకుల కిందే పెట్టేశాను.

అడగలేదు. ఎలా అడుగుతాం?
గ్రాండ్ ఫోర్క్స్‌లో మా అక్క కూతురి పెళ్ళికి
సరిగ్గా ఆ వారమే నడుం పట్టేసింది.
చవక చీజు కోసం వీధంతా కార్లేసుకుని పోతుంటే
తనకి చీజు పడదన్నాడు.
ఆ రాత్రే చీజు కూరిన వరేనికీలు
తొమ్మిది తిన్నాడు. లెక్కపెట్టాను.

ఎమర్సన్ మాకు గంట దూరం.
ఆ గంటని నలభై ఐదేళ్ళుగా
నీళ్ళు నములుతూ దాటకుండా ఉన్నాడు.
ఇప్పుడక్కడ ఎవడో కుర్రాడుంటాడు,
అప్పటికి పుట్టనైనా పుట్టనివాడు.
పేరు కొట్టి చూస్తాడు.
తెరమీద ఏమీ కనబడకపోవచ్చు.
ఆ 'పోవచ్చు'ని నమ్ముకుని
ఎవరు పోగలరు?

"కాషా మాటేమిటి?" అన్నాను.
బల్లకింద కుక్క తన పేరు విని తోకాడించింది.
"కారులో పోవాలంటే రెండు రోజులు ఎక్కువ.
దాన్ని చూసేవాళ్ళకి రోజుకి నలభై."
రాశాను. ఎనభై.
"ఇంకా నా మోకాలు."
"దానికెంత?"
"పోనూ రానూ పద్నాలుగు గంటలు మడిచి కూర్చోవాలి. నూట ముప్పై."

కూడాను. గీత కింద సున్నా.
"రెండూ ఒకటే. ఇక్కణ్ణించే పోదాం."

కవరు తన వైపు తిప్పుకుని
చాలాసేపు చూశాడు.
నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాడు,
కొలత ఎక్కడ సాగిందో కంటికి తెలియదా?
ఏమీ అనలేదు.
టీ కాచి నా కప్పులో
చెర్రీ జామ్ రెండు చెంచాలు వేశాడు.
ఎప్పుడూ ఒకటే వేస్తాడు.

బయట మైనస్ ఇరవై ఎనిమిది.
కాకులు ఎప్పుడో దక్షిణానికి పోయాయి,
పెంబినా మీదుగా, ఎవరికీ ఏమీ చెప్పకుండా.

పొద్దున లేచి చూస్తే
బల్లమీద కవరు లేదు.
చెత్తబుట్టలోనూ లేదు.
గరాజ్‌లో మేకుల డబ్బా మూత
కాస్త వంకరగా ఉంది.